వెలగకూడని స్లైడు

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వస్తుంటే హైవే పక్కన ఒక పశువుల ల్యాబు ఉంది. పేరు చెప్పను, చెబితే వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆ ల్యాబులో చివరి గది మంచిది కాదు.

మంచిది కాదంటే... పైకప్పు ఊడుతుందనో, పాములొస్తాయనో కాదు. ఆ గదికి కిటికీ లేదు. తలుపుకి లోపలి వైపు నల్లగుడ్డ కొట్టి ఉంటుంది. బయట మధ్యాహ్నం రెండు గంటల ఎండ నిప్పులు కురిపిస్తున్నా, లోపల మాత్రం రాత్రే. తెల్లవారని రాత్రి.

ఆ తలుపు మీద ఒక పక్క నిమ్మకాయా ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ, ఇంకో పక్క బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు ముక్క. దండ వాచ్‌మన్ కట్టాడు, వాక్యం అటెండరు అంటించాడు. వచ్చే దెయ్యం ఏ మతందో ముందుగా తెలియదు కదా... ఇద్దరూ జాగ్రత్తపడ్డారన్నమాట.

నవ్వుకోండి, నేనూ నవ్వాను. నేను జగ్గయ్యపేటలో హైస్కూలు సైన్సు టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి దెయ్యాల్లేవని చెబుతున్నాను. ఇంటికొచ్చి వరండాలో లైటు వేసుకుని పడుకుంటున్నాను. ఈ సంగతి మా బళ్ళో ఎవరికీ తెలియదు.

ఈ కథ నాకు చెప్పింది సింధూర. మా పేట అమ్మాయే, నా దగ్గర పదో తరగతి చదివింది. ఎమ్మెస్సీ అయ్యాక పోయినేడాది ఆ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది. మొన్న మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, ఇచ్చిన టీ ముట్టుకోకుండా గంటన్నర మాట్లాడింది. తను చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను.

ఆ గదికి చెడ్డపేరు రత్నబాబుతో వచ్చింది. సింధూరకి ముందు ఆ ఉద్యోగంలో ఉన్నవాడు. రెండేళ్ళ కిందట ఒకరోజు మైక్రోస్కోపులో స్లైడు చూస్తూ చూస్తూ... ఉన్నట్టుండి బయటికి పరిగెత్తుకొచ్చాడట.

"ఏమీ లేనిది వెలుగుతోంది" అన్నాడట. ఆ ఒక్క ముక్కే. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. రెడ్డిగూడెంలో సొంత ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి అతను పోయాడని కబురొచ్చింది. ఫ్యాను వేస్తే కేకలు పెట్టేవాడట. వెలుతురు పడితే మొహం కప్పుకునేవాడట. కన్నతల్లి దగ్గరికొచ్చినా ఎవరో వచ్చారని మూలకి జరిగేవాడట. ప్రార్థనలు చేయించారు, తాయెత్తులు కట్టించారు... అలా మొదలైన ఐదో రోజు పోయాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆ గదిలో ఉన్నదేదో అతని వెంట వెళ్ళిందని అందరూ తీర్మానించేశారు.

ఏమీ లేనిది వెలగడం ఏమిటో మీకు చెప్పాలి. పాఠం చెప్పినట్టుంటే క్షమించండి, అలవాటు.

అక్కడ పిచ్చికుక్క జబ్బు మీద పని జరుగుతుంది. చచ్చిన కుక్క మెదడులోంచి చిన్న ముక్క తీసి, దాన్ని కాగితం కన్నా పల్చగా కోసి గాజు స్లైడు మీద పరుస్తారు. ఆ కణాల్లో వైరస్ దాక్కుని ఉంటే, దాని జన్యుపదార్థం అక్కడే కుప్పలు పడి ఉంటుంది. మామూలుగా చూస్తే కనపడదు. అందుకని ప్రోబు అనే ఒక సన్నటి పోగుని స్లైడు మీద వదులుతారు. సంచి జిప్పులో ఒక సగం రెండో సగాన్నే పట్టుకున్నట్టు, ఆ పోగు ఆ వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకుంటుంది. అది దొరక్కపోతే కడిగినప్పుడు నీళ్ళలో కొట్టుకుపోతుంది.

ఆ పోగుకి రంగు తగిలించి ఉంటుంది. చీకట్లో నీలం లైటు వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. చీకటి లేకపోతే ఆ మెరుపు కంటికి ఆనదు. అందుకే ఆ కిటికీ లేని గది.

ప్రతిసారీ జబ్బు కుక్క స్లైడు పక్కన ఒక మంచి కుక్క స్లైడు కూడా పెట్టి చూడాలి. దాన్ని కంట్రోల్ అంటారు. దానిలో వైరస్ లేదు కాబట్టి అది నల్లగానే ఉండాలి. అది వెలగకూడదు.

రత్నబాబు చూసింది ఆ వెలగకూడని స్లైడుని.

మార్చి రెండో వారంలో ఒక గురువారం... అటెండరు జయరాజ్ ఒక గోనెసంచి తెచ్చి సింధూర ముందు దించాడు. జయరాజ్‌ది గరికపాడు. చెక్‌పోస్టు దగ్గర ఇల్లు. పదకొండేళ్ళుగా ఆ ల్యాబులో సంచులు మోసేది అతనే. తలుపు మీద వాక్యం అంటించింది కూడా అతనే.

"మేడం, కంట్రోలుకి మంచి కుక్క కావాలన్నారు గదా. దొరికింది."

"మంచిదని ఎలా తెలుసండీ?"

"లారీ కింద పడిందండి, మా ఊరి ధాబా ముందు. జబ్బు చేసి పోతే గదా అనుమానం."

ఆ ల్యాబులో మొదట్నుంచీ అదే పద్ధతి. రోడ్డు మీద చచ్చిన కుక్క ఆరోగ్యమైన కుక్క. వారానికి రెండుసార్లు విజయవాడ నుంచి వచ్చిపోయే డాక్టరు ఉమాకాంతం గారు కూడా అంతకుమించి అడగరు.

సింధూర సంచి మీద చీటీ అంటిస్తుంటే జయరాజ్ మామూలుగా అన్నాడట.

"ఆదివారం మా మహిమని పట్టుకుంది ఇదేనండి. పెద్దగా ఏం కాలా... మణికట్టు మీద పన్ను గీరుకుంది."

మహిమ అతని కూతురు. ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది.

సింధూర చేతిలో చీటీ ఆగిపోయింది. "సూది వేయించారా?"

"పది రోజులు కుక్కని కనిపెట్టి ఉండాలంటారు గదండీ. అది బతికుంటే మనకి భయం లేదు. ఇదేమో నాలుగో రోజుకే లారీ కింద పడె. జబ్బుతో పోలా గదా."

"అది వేరండీ. సూదులు మొదలుపెట్టి, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండాలి. రేపే తీసుకెళ్ళండి."

"అట్నే మేడం."

అట్నే అన్నవాడు వెళ్ళలేదు. చిన్నప్పుడు ఒకసారి సూది వేస్తే మహిమ కళ్ళు తేలేసిందట, అప్పటినుంచీ సూది అంటే ఆ ఇంట్లో అందరికీ హడలు. శుక్రవారం అడిగితే రేపన్నాడు. శనివారం అడిగితే సోమవారం అన్నాడు. పిచ్చికుక్క ఎట్లా ఉంటదో పదకొండేళ్ళుగా చూస్తున్నా, నాకు తెలవదా అన్నాడు. సింధూర కూడా పనిలో పడి ఊరుకుంది.

ఇక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేకపోయావా అని కసిరాను. సింధూర తల వంచుకుంది. మళ్ళీ తనే మొదలుపెట్టింది.

బుధవారం మధ్యాహ్నం స్లైడులు తయారయ్యాయి. సింధూర చీకటి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఫోను బయట వదిలేసింది, దాని వెలుతురు కూడా లోపల ఉండకూడదు. ఎక్కడో గోడ అవతల మిర్చి లారీలు పోతున్న చప్పుడు. లోపల మైక్రోస్కోపు ఫ్యాను గురగురమంటోంది.

మొదట జబ్బు కుక్క స్లైడు పెట్టింది. నల్లటి నలుపులో నీలం గుండ్రాలు... అవి కణాల నడుమ ఉండే కేంద్రకాలు. వాటి పక్కన ఆకుపచ్చ చుక్కలు. ఉండాల్సినవి ఉన్నాయి.

అది తీసి గరికపాడు కుక్కది పెట్టింది.

నీలం గుండ్రాలు. చుట్టూ నలుపు. హమ్మయ్య అనుకుంది. స్లైడుని కొంచెం పక్కకి జరిపింది... నలుపే. ఇంకొంచెం జరిపింది...

ఒక చుక్క.

ఆకుపచ్చగా... నీలం గుండ్రం పక్కనే. చిన్నది.

సింధూర కన్ను తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. చుక్క ఉంది. దాని వెనక ఇంకోటి. ఆ పక్క కణంలో మూడు. చూస్తుండగానే... తను అలా చూస్తుండగానే... అవి మెల్లగా మసకబారాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. తను చూస్తోందని తెలిసిపోయినట్టు ఆరిపోయాయి.

ఆ రంగుకి అది సహజమే. నీలం లైటు ఎక్కువసేపు పడితే చచ్చిపోతుంది. ఆ సంగతి సింధూరకి చదువుకున్న నాటి నుంచీ తెలుసు. కానీ టీచర్, ఆ చీకట్లో అది గుర్తుకు రాలేదు అంది. రత్నబాబు మాటే గుర్తుకొచ్చిందట.

పరిగెత్తుదామనుకుంది. తలుపు ఎటుందో తెలియలేదు.

అప్పుడే కరెంటు పోయింది.

నీలం లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. ఆ నలుపులో, ఎటు తల తిప్పితే అటు, ఆకుపచ్చ చుక్కలు కదులుతున్నాయి. వెలుగు చూసిన కళ్ళకి కాసేపు అలాగే ఉంటుంది, నేను ఎనిమిదో తరగతికి చెప్పే పాఠమే అది. నేనైతే ఆ పాఠం సంగతి మర్చిపోయి అక్కడే కూలబడి ఉండేదాన్ని.

సింధూర బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపొస్తోంది. అప్పుడు తన తలలోకి దెయ్యం కాకుండా మహిమ వచ్చిందట. తను ఎప్పుడూ చూడని పిల్ల... పేరు మాత్రమే తెలిసిన పిల్ల. ఈ చుక్కలు నిజమైతే ఆ పిల్లకి మిగిలింది ఎన్ని రోజులు?

జనరేటరు అందుకుంది. లైటు వచ్చింది. సింధూర పారిపోలేదు.

ఆ అమ్మాయి గొప్పతనమంతా ఇక్కడే ఉంది, నేను పాఠం చెప్పిన పిల్ల అని నాకు గర్వంగా ఉంది. ప్రతి మెదడుకీ ఇంకో స్లైడు చేసి ఉంటుంది, దాని మీద ప్రోబు వేయరు. గరికపాడు కుక్కది ఆ స్లైడు పెట్టింది. నల్లగా ఉంది. ఎంత వెతికినా నలుపే. తర్వాత, పోయినేడాది ముసలితనంతో పోయిన ఒక పెంపుడు కుక్కది పెట్టింది. అదే పళ్ళెంలో, అదే ప్రోబుతో, అదే నీళ్ళలో కడిగిన స్లైడు. అదీ నల్లగానే ఉంది.

ప్రోబు వేయకపోతే వెలుగు లేదు. వేరే కుక్కలో వెలుగు లేదు. ఈ కుక్కలో, ప్రోబు వేస్తేనే వెలుగు. దెయ్యానికి ఇన్ని తేడాలు తెలియవు.

బయటికొచ్చి ఉమాకాంతం గారికి ఫోన్ చేసింది. కంట్రోల్ వెలిగిందా, ఏదో కలిసిపోయి ఉంటుందమ్మా, ఆ గదిలో ఇదివరకు కూడా ఇలాగే అయింది, రేపు మళ్ళీ చెయ్యి, అన్నారాయన.

ఇదివరకు కూడా.

సింధూర పాత రిజిస్టరు తీసింది. రెండేళ్ళ కిందటి పేజీ. రత్నబాబు దస్తూరి గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా ఉంది. ఆ రిజిస్టరు పట్టుకుని మళ్ళీ చీకటి గదిలోకే వెళ్ళి, గుమ్మం లోపల ఉన్న చిన్న ఎర్రలైటు వేసుకుని దాని కింద చదివింది. బయట అందరి ముందూ చదవడానికి ధైర్యం చాలలేదట.

"కంట్రోల్ కుక్క. కంచికచర్ల బైపాస్. లారీ కింద."

దాని ఎదురుగా ఫలితం రాసే చోట "వెలిగింది" అని రాసి, కొట్టేసి, "పొరపాటు" అని రాశాడు. చివర చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది.

"ఎత్తుతుంటే ఇంకా ప్రాణం ఉంది. చెయ్యి కొరికింది. సబ్బుతో కడిగా."

సింధూర ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఫ్యాను వేస్తే కేకలు. వెలుతురు పడితే మొహం కప్పుకోవడం. పిచ్చికుక్క జబ్బు ముదిరిన మనిషికి జరిగేది అదే. గదిలోంచి అతని వెంట ఏదీ వెళ్ళలేదు. అంతకు ముందే, అతని చేతిలో ఉంది. అతను దాన్ని తన కళ్ళతో తనే చూసి... దెయ్యమనుకుని పారిపోయాడు.

అప్పుడు వినపడింది. ఊపిరి.

తనది కాదు. వెనక... నల్లగుడ్డ దగ్గర... ఎవరో ఊపిరి బిగబట్టి, ఆపుకోలేక వదులుతున్నారు.

సింధూర రిజిస్టరు గుండెకి అదుముకుని వెనక్కి తిరిగింది.

"వెలిగిందా... మేడం?"

జయరాజ్. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆ గదిలో అడుగు పెట్టడం పదకొండేళ్ళలో అతనికి అదే మొదటిసారి. ఫోనులో తను మాట్లాడింది బయట విన్నాడు.

"వెలిగిందండీ."

"ఈ గది సంగతి తెలిసిందే గదండీ." గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ఇందులో అట్నే వెలుగుతయ్. రత్నబాబుకి కూడా వెలిగింది."

సింధూర రిజిస్టరు చదివి వినిపించింది. మెల్లగా, ఒక్కో మాటా. చివరి మాట అయ్యేసరికి జయరాజ్ గోడకి చేరగిలపడ్డాడు.

"దెయ్యమనే రాయండి మేడం" అన్నాడు. "మీకు దణ్ణం పెడతా. గదిలో దెయ్యం ఉందని రాయండి."

నేను ఎన్నో దెయ్యం కథలు విన్నాను. అందరూ దెయ్యం కాకూడదనే మొక్కుకుంటారు. దెయ్యమే అయితే బాగుండని మొక్కుకున్న మనిషిని నేను ఈ ఒక్క కథలోనే విన్నాను. నాకు కళ్ళు చెమర్చాయి, సింధూర చూడకుండా తుడుచుకున్నాను.

"ఇటు రండి. మీరే చూడండి" అంది సింధూర.

అతను వంగి కన్ను పెట్టాడు.

"ఏం లేదు గదండీ... అంతా నలుపే."

చూసిన చోట రంగు చచ్చిపోయి ఉంది. సింధూర స్లైడుని కొత్త చోటికి జరిపింది.

"ఇప్పుడు?"

జయరాజ్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. కన్ను తీశాక ఆ ఎర్రలైటులో అతని మొహం చూడలేకపోయాను టీచర్ అంది.

"ఇంకా టైముంది" అని సింధూరే అతని భుజం కుదిపింది. "జబ్బు బయటపడకముందు సూది పడితే ఏం కాదు. పది రోజులే అయింది. పదండి."

ఇద్దరూ జయరాజ్ బండి మీద పేట ఆసుపత్రికి వచ్చారు. దారి పొడవునా బండి అద్దంలో అతని పెదాలు ఆడుతూ కనిపించాయట. భార్యకి ఫోన్ చేసి చెబితే ఆవిడ మహిమని ఆటోలో తీసుకొచ్చింది. గీరుకున్న చోటు అప్పటికి మానిపోయి, సన్నటి తెల్లటి గీత మిగిలింది.

మణికట్టు చుట్టూ సూదులు వేశారు. భుజానికి ఇంకోటి వేశారు. కళ్ళు తేలేస్తుందని భయపడిన పిల్ల, పళ్ళు బిగించి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మిగతా సూదులు ఏ రోజు వేయించుకోవాలో నర్సు చీటీ రాసిచ్చి, ఒక్కటి కూడా తప్పకూడదని జయరాజ్‌ని బెదిరించింది. అతను ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడట.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మహిమ తన తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాన్నా... కరిచిన కుక్కకి జబ్బుంటే దాని పిల్లకి కూడా ఉంటదా?"

"ఏ పిల్లకమ్మా?"

"యోనాకి."

"యోనా ఎవరు?"

"కుక్కపిల్ల. ధాబా వెనక తూములో ఉండేది. నేను దాన్ని తీసుకుంటుంటేనే వాళ్ళమ్మ నన్ను పట్టుకుంది. బైబిల్లో యోనా చేప కడుపులోంచి బయటికొచ్చినట్టు ఇది తూములోంచి బయటికొచ్చింది కదా, అందుకని ఆ పేరు పెట్టాం."

జయరాజ్ చెయ్యి చీటీ ఉన్న జేబు మీదికి వెళ్ళింది. సింధూరే ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెట్టాం అంటే... ఎవరెవరు మహిమా?"

"సండే స్కూలు పిల్లలందరం అక్కా. పద్నాలుగు మంది. చర్చి వెనక గదిలో దాచాం, ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నాం. రోజుకొకళ్ళం పాలు పెడుతున్నాం." పిల్ల గొంతు తగ్గింది. "నిన్నటి నుంచి తాగట్లేదక్కా. నోట్లో పోసినా మింగట్లేదు, బయటికి కారిపోతోంది. ఎందుకో అందరి మీదకీ వస్తోంది."

"ఇవాళ... ఎవరి వంతు?"

"జెరూషాది. వేలు నోట్లో పెట్టి తాగిస్తే తాగుద్దంది. ఆరింటికి వెళ్తానంది."

సింధూర తలెత్తి వరండా గోడ మీదున్న గడియారం వైపు చూసింది. ఆరూ ఇరవై.